పందెం పడవకు లెక్కుంది, కూలి మనిషికి లేదు

ప్రతి ఏడాది డిసెంబరు 26 మధ్యాహ్నం ఒంటిగంటకు ఆస్ట్రేలియాలో సిడ్నీ రేవు దగ్గర ఫిరంగి పేలుతుంది. తెరచాపలెత్తిన పడవలు టాస్మేనియా దీవిలోని హోబార్ట్ పట్నానికి పరుగు పెడతాయి. దూరం 628 నాటికల్ మైళ్లు, అంటే 1,160 కిలోమీటర్ల పైమాట. 1945లో మొదలైన పందెం ఇది. కొండ అంచులు, తెల్లటి నురగ, పైన హెలికాప్టర్లు. టీవీలో చూస్తే కళ్లు తిప్పుకోలేం.

జువ్వలదిన్నె గట్టున నిలబడిన మనకు ఆ డబ్బున్నోళ్ల పందెంతో పనేంది అంటారా? ఆ తేదీ మనకూ గుర్తే. 2004 డిసెంబరు 26. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. అక్కడ పందెం మొదలైన రోజే ఇక్కడ సునామీ మీదపడింది. మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు. నెల్లూరు తీరమూ ఏడ్చింది.

వాళ్ల చావుల సంగతి కూడా చెప్పుకోవాలి. 1998 పందెంలో 115 పడవలు బయల్దేరితే గమ్యం చేరినవి 44. పెనుగాలికి అయిదు పడవలు మునిగాయి. ఆరుగురు చచ్చిపోయారు. 55 మందిని ప్రాణాలతో పైకి లాగారు. ఆ ఆరుగురూ తల్లులు కన్న బిడ్డలే, వాళ్ల మీద మనకు ఏడుపు లేదు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఒక్కో చావు మీదా కరోనర్ విచారణ జరిగింది. తుఫాను కబురు సరిగ్గా అందిందా, ప్రాణం కాపాడాల్సిన తెప్పలు పనిచేశాయా అని ఒక్కొక్కటీ అడిగారు. నియమాలు మార్చారు. ఇప్పుడు గ్రీన్ కేప్ అనే చోటికి వచ్చేసరికి ప్రతి పడవా రేడియోలో మాట్లాడి, ముందుకు పోవడానికి మనుషులూ పడవా బాగానే ఉన్నారని చెప్పాలి.

ఆరుగురి కోసం ఇంత చేశారు. చేయాల్సిందే. మరి మనకు?

1989 నవంబరులో మన కావలి దగ్గరే తుఫాను తీరం దాటింది. 1996 నవంబరు 6న గోదావరి జిల్లాను ముంచిన తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. అందులో వందలమంది వేటకు పోయి తిరిగి రానోళ్లు. వాళ్లలో ఒక్కొక్కరి పేరు పెట్టి, ఈ మనిషి ఎందుకు చచ్చాడు అని అడిగిన విచారణ మీరెవరైనా చూశారా? సముద్రంలో శవం దొరక్కపోతే చనిపోయినట్టు లెక్కేయడానికి మామూలు చట్టం ఏడేళ్లు ఆగమంటుంది. ఆ ఏడేళ్లు ఆ ఆడబిడ్డ తాళి ఉన్నదీ కాదు, తెగిందీ కాదు.

లెక్కకొచ్చే పట్టపు అన్నదమ్ముల గతే ఇట్లా ఉంటే, లెక్కకే రానోళ్ల గతేంది? సర్కారు సాయం పడవను బట్టి, వలను బట్టి వస్తుంది. పడవే లేని మనిషికి ఏం పోయిందని రాస్తారు? ఐసు మోసే మాలపల్లె కూలీ, ఎండుచేపలు ఆరబోసే ఆడమనిషి, బకింగ్‌హాం కాలవలో పీతలు పట్టే యానాది. నీళ్లు మింగినా, పని పోయినా వీళ్లు ఏ జాబితాలో ఉన్నారు? సునామీ తర్వాత నాగపట్నం శిబిరాల్లో దళితుల్ని తాగునీళ్ల దగ్గరికి కూడా రానీయలేదని పత్రికలే రాశాయి. అల కులం చూడలేదు. అల పోయినాక వచ్చిన మనుషులు చూశారు.

జువ్వలదిన్నెకు 289 కోట్ల ఫిషింగ్ హార్బరు వచ్చింది. 2024 ఆగస్టులో ప్రధానమంత్రి ప్రారంభించారు. అదే నెలలో దేశంలో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకమూ మొదలైంది. మంచిదే, కాదనం. కానీ అది ఇంజను ఉన్న పడవలకు. ఇంజను లేని తెప్ప ఎక్కినోడు ఎవరికి కబురంపాలి?

ఇంకో మాట. సముద్రం మీద ప్రయాణం చేస్తే పతనమేనని బౌధాయన ధర్మసూత్రం చెప్పింది. సముద్రం మీద చెమటోడ్చినోళ్లు తక్కువోళ్లయ్యారు. సముద్రం ఆటగా మారాక, విహారంగా మారాక, ఆ పాపం ఎటు పోయిందో తెలీదు. 2018 మార్చిలో విశాఖలో సర్కారే యాట్ పండగ చేసింది. మన పిల్లోళ్లకు గాలి ఎటు తిరిగిందో చెంప మీద తెలుస్తుంది. ఆ చదువుకు మార్కుల్లేవు, సర్టిఫికెట్టు లేదు.

మన పిల్లలకు చేతకాదనేవాళ్లకు హైదరాబాదు చూపించండి. 2009లో పెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పేదింటి పిల్లలకు తెరచాప పట్టడం నేర్పింది. వాళ్లు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. చెరువులో అయిన పని సముద్రం ఒడ్డున ఎందుకు కాదు?

పందేలు వద్దని నేననను. మనవాళ్లు కూడా గెలవాలి. అంతకుముందు బతకాలి. తీరంలోని ప్రతి హైస్కూల్లో ఈత, పడవ నడపడం, సముద్రంలో ప్రాణం కాపాడుకోవడం నేర్పాలి. తెప్ప ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఇవ్వాలి. పడవ లేని కూలీ పేరు కూడా జాబితాలో ఉండాలి. తప్పిపోయినోడి ఇంటికి ఏడేళ్లు ఆగకుండా సాయం అందాలి. ప్రతి చావుకీ పేరు పెట్టి విచారణ జరగాలి.

1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్ల కోసం బాబాసాహెబ్ నడిచాడు. సముద్రం నీళ్లు ఎవరూ తాగరు గాబట్టి అక్కడ అంటు లేదనుకుంటున్నాం. ఇక్కడి అంటు లెక్కల పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం తెరిపించే దాకా మన నడక ఆగదు.

జై భీమ్!