జామీను మంజూరైంది, జైలు తలుపు తెరుచుకోలేదు

న్యాయస్థానం జామీను ఇచ్చిందన్న కబురు చేరిన సాయంత్రం తల్లి షుక్రానా నమాజు చేసుకున్నది. నెల గడిచినా కొడుకు ఇంటికి రాలేదు. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు, ఇంటి పన్ను రసీదులు కావాలన్నారు. అద్దె గదిలో ఉంటూ నాపరాళ్ళ పాలిష్ పనికి పోయే కుటుంబానికి ఆ రసీదు ఎవరిస్తారు? ఇటువంటి తల్లులు మా వద్దకు వస్తూనే ఉన్నారు. వారిలో అధికులకు తెలియని విషయం ఒకటున్నది. ఆ డబ్బు కట్టడానికి ప్రభుత్వమే ఒక పథకం పెట్టింది.

2023-24 కేంద్ర బడ్జెట్‌లో పేద ఖైదీలకు ఆర్థిక సహాయం ప్రకటించారు. ఆ ఏడాది జూన్‌లో కేంద్ర హోం శాఖ మార్గదర్శకాలు పంపింది. వాటి ప్రకారం విచారణ ఖైదీకి జామీను నిమిత్తం 40,000 రూపాయల వరకు, శిక్ష ముగిసినా జరిమానా కట్టలేక ఆగిపోయిన వారికి 25,000 వరకు మంజూరు చేయవచ్చని 2023లో నిర్ణయించారు. నిర్ణయించేది జిల్లా సాధికార కమిటీ. కలెక్టరు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, జైలు బాధ్యత చూసే న్యాయమూర్తి అందులో సభ్యులు. నిధులు జాతీయ నేర రికార్డుల బ్యూరో ద్వారా రాష్ట్రాలకు వస్తాయి. అందుకు రాష్ట్రం కమిటీలు వేయాలి, నోడల్ అధికారిని నియమించాలి, అనుబంధ ఖాతా తెరవాలి. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మాకు ఈ వరుస చూడగానే అర్థమయ్యేది ఒక్కటే: ఇందులో ఏ ఒక్క కాగితం కదలకపోయినా ఖైదీ కదలడు.

జామీను ఉత్తర్వు వచ్చిన 7 రోజులలోగా ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారులు న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. సంస్థ అతని ఆర్థిక స్థితిని విచారించాలి; 2023 మార్గదర్శకాలలో ఇందుకు 10 రోజుల గడువు పెట్టారు. ఆ విచారణలో సామాజిక కార్యకర్తల సాయం తీసుకోవచ్చునని మార్గదర్శకాలే చెబుతున్నాయి. మసీదు కమిటీలు ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవాలి. మహల్లాలో ఎవరి పొయ్యి వెలుగుతున్నదో, ఎవరిది వెలగడం లేదో జకాత్ పంచే వారికి తెలిసినంతగా రెవెన్యూ ఉద్యోగికి తెలియదు.

ఇక పేర్ల సంగతి. ఇది చిన్నదిగా కనిపిస్తుంది, కాని ఫైలు ఆగేది ఇక్కడే. ఎఫ్‌ఐఆర్‌లో ‘బాష’, ఆధార్‌లో ‘బాషా’. ఒకచోట షేక్ అని పూర్తిగా, మరొకచోట పొడి అక్షరాలు. రేషన్ కార్డులో తండ్రి పేరు ఖాదర్, ఛార్జిషీటులో కాదర్. ఉర్దూలో పెట్టిన పేరు ఎవరి చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు. ఇద్దరూ ఒకరేనని న్యాయవాది ద్వారా ముందే ఒక అఫిడవిట్ వేయించుకుంటే వారాలు కలిసివస్తాయి.

ఈ డబ్బు అప్పు కాదు, భిక్ష అంతకన్నా కాదు. నిందితుడు విచారణకు హాజరవుతాడన్న హామీకే దానిని జమ చేస్తారు. కేసు తేలిన పిదప అది తిరిగి ప్రభుత్వ ఖాతాకే చేరాలి. కనుక అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అయితే అవినీతి నిరోధక చట్టం, మనీ లాండరింగ్, మాదకద్రవ్యాల చట్టం, ఉపా కేసులలో ఉన్నవారికి ఈ పథకం వర్తించదు. జామీను ఇవ్వవచ్చునని కోర్టే నిర్ణయించిన తరువాత చట్టం పేరు చూసి పేదరికాన్ని లెక్కలోంచి తీసివేయడం మాకు సమంజసంగా తోచడం లేదు.

డబ్బు ఒక్కటే దారి కాదు. 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక తాపీ మేస్త్రీకి కోరిన 10,000 రూపాయల పూచీని, వేరే జిల్లా జామీనుదారుడు చెల్లడన్న పట్టుదలను తప్పుపట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు రాయచోటి కడప నుండి అన్నమయ్య జిల్లాకు పోయింది. రాయచోటిలోని బావమరిదిని ‘పరాయి జిల్లావాడు’ అని తిప్పి పంపితే ఈ తీర్పును చూపాలి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరొక మాట కూడా చెప్పింది: నెలలోగా పూచీ ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టే తనంతట తాను పరిశీలించవచ్చు.

బ్యూరో 2022 లెక్కల ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. జనాభాలో మన వాటా 14.2 శాతం, విచారణ ఖైదీలలో అంతకన్నా ఎక్కువ.

జామీను వచ్చిన ఎనిమిదో రోజున జైలు నుండి కబురు కోసం ఎదురుచూడవద్దు. ఉత్తర్వు నకలు, ఆధార్, రేషన్ కార్డు జతచేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టమిచ్చిన హక్కు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మా వంతుగా, జిల్లా కమిటీ ఎన్నిసార్లు సమావేశమైందో, ఎన్ని కేసులు దాని ముందుకు వచ్చాయో, ఎందరికి మంజూరైందో తెలుపమని పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెడుతున్నాము. జవాబు అందగానే యథాతథంగా ప్రచురిస్తాము; అందకపోతే ఆ సంగతీ రాస్తాము.