తప్పు తేలిన చోటే దిద్దాలి: సమాచార వ్యవస్థల్లో పనిచేసేవాళ్ల ప్రణాళిక

మాలో ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లున్నారు, దాన్ని పరీక్షించేవాళ్లున్నారు, మీసేవ కేంద్రాల్లోనూ తహసీల్దారు కార్యాలయాల్లోనూ డేటా ఎంట్రీ చేసేవాళ్లున్నారు, పనిచోట ఫోనులో కూలీల హాజరు వేసేవాళ్లున్నారు. రేషన్ బియ్యం, పింఛను, కూలి డబ్బు, పట్టా పాసుపుస్తకం అన్నీ ఇప్పుడు మా చేతుల మీదుగానే పోతున్నాయి. తెర మీద ‘తిరస్కరించబడింది’ అని పడితే ఎదుట నిలబడ్డ మనిషి ఉత్తచేతులతో ఇంటికి పోతాడు. ఆ ఫలితానికి మేమూ బాధ్యులమని ఒప్పుకుంటూ ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం.

మిగతా మాటలన్నిటికీ మూలమైన మాట ఒకటుంది. తప్పు ఎక్కడ బయటపడుతుందో, దాన్ని దిద్దే అధికారం కూడా అక్కడే ఉండాలి.

తెలంగాణ రైతుకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబర్ 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే కార్యాలయంలో, ఒకే రోజున అయిపోవడం నిజంగా పెద్ద మేలు. చిక్కులేని భూములున్నవాళ్లకు ఆ మేలు అందింది కూడా. పేరు తప్పు పడ్డవాళ్ల సంగతి వేరు. సర్వే నంబరు గల్లంతైనవాళ్లు, విస్తీర్ణంలో కొన్ని గుంటలు తగ్గినవాళ్లు, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో చేరిపోయినవాళ్లు తహసీల్దారు దగ్గరికి పోతే, ఆయన చేతిలో ఏమీ ఉండేది కాదు. తొలి ఏళ్లలో చిన్న సవరణకు కూడా కలెక్టరు దాకా పోవాల్సి వచ్చింది. అక్కడా తేలకపోతే సివిల్ కోర్టే గతి. ధరణికి ముందు నెలలోనే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయింది. ఏ గట్టు ఎవరిదో ఎరిగిన మనిషి రికార్డుకు దూరమయ్యాడు. పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కూడా పోయింది. ఒక కాలమ్ తీసేయడం మాకు నిమిషాల పని. ఏళ్ల తరబడి ఆ చేను దున్నుతున్నవాడికి మాత్రం సర్కారు లెక్కల్లో చోటే లేకుండా పోతుంది. చివరికి 2025లో భూభారతి పేరుతో కొత్త చట్టమే తేవాల్సి వచ్చింది. అందుకే అడుగుతున్నాం: జనం హక్కును తాకే ఏ కాలమ్‌నైనా తీసేముందు, చేర్చేముందు ఆ సంగతి గ్రామసభలో చదివి వినిపించాలి. శాఖకూ కంపెనీకీ మధ్య కుదిరిన ఒప్పందపత్రం అందుకు సరిపోదు.

కంప్యూటరు చెప్పింది ఒక సాక్ష్యం. దాన్నే తీర్పుగా తీసుకుంటే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసుల్లో జరిగింది చూడండి. 1999 నుంచి అక్కడ ఫుజిత్సు సంస్థ వారి హొరైజన్ అనే లెక్కల వ్యవస్థను పెట్టారు. అది లెక్కలో డబ్బు తగ్గినట్టు చూపిస్తే, ఆ చిన్న పోస్టాఫీసు నడిపే మనిషిని దొంగ అన్నారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకు పోయారు, కొందరు ఇల్లూ వాకిలీ అమ్ముకుని లేని బాకీ కట్టారు. కంప్యూటరు సరిగ్గానే పనిచేసి ఉంటుందని అక్కడి న్యాయవిధానం ముందే నమ్మేది. కాదని చూపించే బరువు నిందితుల మీదే పడింది. ఇలాంటి ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చిందని తమకు చెప్పారని బాధితులు ఎందరో వాంగ్మూలమిచ్చారు. సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను అక్కడి హైకోర్టు 2019లో ధ్రువీకరించింది. మూకుమ్మడిగా శిక్షలు రద్దు చేసే చట్టం రావడానికి 2024 దాకా పట్టింది. మాకు ఇందులో అన్నిటికన్నా ఘోరంగా కనిపించేది ఆ ఫిర్యాదులను విడివిడిగా ఉంచేయడం. ఒకే రకం ఫిర్యాదు పది చోట్ల నుంచి వస్తే ఆ పదీ ఒకచోట చేరాలి, అందరికీ కనబడాలి. ఈ లెక్కను ఏ శాఖా, ఏ కంపెనీ దాచకూడదు.

ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లోకి వేలిముద్ర చూసి సరుకు ఇచ్చే ఈపాస్ యంత్రాలు 2015లో వచ్చాయి. తూకం మోసాలు, దొంగ కార్డులు తగ్గాలన్న ఉద్దేశం మంచిదే. అయితే తాపీ పనివాళ్ల వేళ్లు సిమెంటుకు అరిగిపోతాయి, వయసు మీదపడినవాళ్ల గీతలు చెరిగిపోతాయి. వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు లబ్ధి ఆపరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులోనే చెప్పింది. ఆ మాట సర్క్యులర్లలో ఉంటే చాలదు. యంత్రం తెర మీద బటన్‌గా ఉండాలి, నొక్కే అధికారం డీలరుకు ఉండాలి, నొక్కినందుకు అతన్ని అనుమానించకూడదు.

కూలికీ ఇదే న్యాయం. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి పూటకో ఫోటో చొప్పున యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. ఏజెన్సీ కొండల్లో సిగ్నల్ అందని పనిచోట్లు ఎన్నో. ఫోటో ఎక్కకపోతే, గడ్డపార పట్టి ఎండలో తవ్వినవాళ్ల కూలికే ముప్పు. పని జరిగిందనడానికి మేటు మాట, కాగితం మస్టరు కూడా చెల్లాలి. ఫోను, డేటా ఖర్చు పని చేయించుకునేవాళ్లే భరించాలి.

కంప్యూటరు మీద మాకు కోపం లేదు. మన నేలమీదే అది జనానికి అక్కరకొచ్చిన రోజులున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీ బృందాలు ఉపాధి పనుల మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగాయి. ఎవరి పేరున ఎన్ని రోజులు పడ్డాయో, ఎంత చేతికందిందో అడిగి, సభలో చదివాయి. పనిచేయకుండానే మస్టరుకెక్కినవాళ్ల పేర్లు, కాజేసిన డబ్బు ఊరందరి ముందూ బయటపడ్డాయి. లెక్క కంప్యూటర్‌లోనే ఉన్నా, దాన్ని నిలదీసే హక్కు ఊరి చేతిలో ఉంది. మేం కోరే వ్యవస్థకు నమూనా అదే.

సాఫ్ట్‌వేర్ రాసే మిత్రులారా, మీ చేతికి వచ్చే తర్వాతి డిజైన్ పత్రంలో దిద్దుబాటు అధికారం ఎవరిదో, ఎన్ని రోజుల్లో దిద్దాలో లేకపోతే అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా సంతకం పెట్టకండి. ఊళ్లలో ఉన్న పెద్దలారా, అక్కచెల్లెళ్లారా, ఈసారి గ్రామసభలో ఒక్కటి పట్టుబట్టండి: ఈ నెల కంప్యూటరు ఎవరెవరిని కాదన్నదో, ఎందుకు కాదన్నదో ఆ జాబితా పైకి చదవమనండి. చదవడానికి మేం వస్తాం.