గొలుసు చివర గిరగిరా

– బాటసారి

షాద్‌నగర్ చుట్టూ చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఫాంహౌస్‌లయ్యాయి. గేటున్న చోటల్లా కాపలాకి ఓ జాతి కుక్క. యజమాని హైదరాబాద్ నుంచి ఆదివారం వస్తాడు. మిగిలిన ఆరు రోజులూ ఆ జర్మన్ షెపర్డుకో, రాట్‌వీలరుకో గొలుసు ఎంత పొడవుంటే అంతే లోకం. అలా కట్టేసిన వాటిలో కొన్ని తమ తోకను తామే తరుముతూ గిరగిరా తిరుగుతుంటాయి. పిలిచినా ఆగవు. గిన్నెలో బువ్వ పెట్టినా చూడవు. "ఏం గాదు సార్, దానికదే ఆడుకుంటది" అంటాడు వాచ్‌మన్. దారిన పోయేవాళ్లు ఫోన్లో తీసి నవ్వుకుంటారు.

ఆట అయితే విసుగు పుట్టగానే మానేస్తుంది. ఇది మానలేక చేసే పని. కొన్ని కుక్కలు ముంగాలిని పుండు పడేదాకా నాకుతాయి. కొన్ని లేని ఈగను పట్టబోతున్నట్టు గాలిని కొరుకుతాయి, గోడ మీద వెలుగునూ నీడనూ వెంటాడతాయి. డాబర్‌మన్లలో కొన్ని తమ డొక్కనే నోట్లో పెట్టుకుని చీకుతాయి. పశువైద్యులు దీన్ని కంపల్సివ్ డిజార్డర్ అంటారు. మనుషుల్లో చేతులు కడిగిందే కడిగే జబ్బుకు ఇది దగ్గరి చుట్టం. 1992లో జుడిత్ రాపొపోర్ట్ బృందం అమెరికాలో ఆ జబ్బుకు వాడే క్లోమిప్రమిన్ మందునే కాళ్లు నాకే కుక్కలకు ఇచ్చి చూస్తే నాకడం తగ్గింది. 2010లో నికొలస్ డాడ్‌మన్, ఆయన సహచరులు డొక్క చీకే డాబర్‌మన్లను పరీక్షించి, ఏడో క్రోమోజోమ్‌లోని ఒక జన్యుభాగానికీ ఈ అలవాటుకూ సంబంధం ఉందని చెప్పారు.

జన్యువుల మీదికి నెట్టేసి మనం తప్పుకోలేం. తోక తరిమే కుక్కల మీద 2012లో ఫిన్లండ్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, చాలావాటికి ఈ అలవాటు మూడు నుంచి ఆరు నెలల వయసులోనే మొదలైందని తేలింది. మిగతా కుక్కల కన్నా అవి పిరికివి, తల్లికి త్వరగా దూరమైనవి. మన దగ్గర కళ్లు తెరిచిన కొద్ది రోజులకే పిల్లను తెచ్చుకుంటే బాగా మాలిమవుతుందనే నమ్మకం ఇంకా ఉంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అడిగి మరీ నెల పిల్లను కొనేవాళ్లు ఆ మాట గుర్తుంచుకోవాలి.

ఇక గొలుసు సంగతి. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం చేయించకపోవడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 11వ సెక్షన్‌లో కుక్క పేరెత్తి మరీ రాసింది. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువు గొలుసుతో గంటల తరబడి కట్టేయడమూ నేరమే. అయితే మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఈ అంకెలు మారాలి. మారేదాకా ఆ మూగజీవం ఎదురుచూడలేదు కాబట్టి చేయగలిగింది ఇప్పుడే చేయాలి.

ముందు డాక్టరుకు చూపించండి. గోమార్లు, చర్మం దురద, మలద్వారం దగ్గరి గ్రంథుల వాపు, మూర్ఛ కూడా ఇలాగే కనిపించవచ్చు. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఇక్కడికి దూరమేం కాదు. మందు రాస్తే పని చేయడానికి వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దు. మందొక్కటే చాలదు కూడా. కొట్టకండి, అరవకండి, భయపడిన కుక్క ఇంకా ఎక్కువ తిరుగుతుంది. లేజర్ లైటుతో ఆడించడం అసలే వద్దు, కొన్నింటికి వెలుగు వెంట పడే జబ్బు దాంతోనే పట్టుకుంటుంది. పొద్దునా సాయంత్రమూ బయట నడిపించండి, వాసన చూస్తూ తిరగనివ్వండి. తిండిని ఒకేచోట పోయకుండా దాచిపెట్టి వెతుక్కోనివ్వండి.

ఇందులో వాచ్‌మన్‌ను తప్పుపట్టలేను. గేటు, మోటారు, చెట్లు అన్నీ అతనివే. కుక్క జారిపోతే మాట పడేదీ అతనే. కుక్కను తిప్పడం కూడా పనే అనుకుని దానికి వేరే జీతమివ్వాలి, నేర్పించాలి. అదీ కుదరదు, వారానికొక్కసారే రాగలం అనుకునేవాళ్లు గేటుకు కెమెరా పెట్టుకోండి, కుక్కపిల్లను కొనకండి.