పాత దీపాలు తూకానికి వేసే ముందు...

అత్తగారి నాటి దీపాలు మీ అటక మీద కూడా ఉండే వుంటాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు మా సింగ్‌నగర్ ఇంట్లోకి వచ్చాయి. నీళ్ళు తీశాక, అత్తగారు పోయిన దగ్గర్నుంచీ ఎవరూ తెరవని ట్రంకు పెట్టె తెరిచాం. ఓ లాంతరు, ఓ దీపపు కుంది, నిండా బురద. పాత సామాను కొనే అతను రెండూ కలిపి తూకానికి వేస్తానన్నాడు. మావారు సరేనన్నారు. నాకే మనసొప్పలేదు.

ఇలాంటివి దొరికితే చింతపండు, ఇటుకపొడి పెట్టి బరబరా తోమేయకండి. మెరుపొస్తుంది గానీ చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ, పాత టూత్‌బ్రష్ చాలు. తడి లేకుండా ఆరాక అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. అంటుకోకపోతే ఇత్తడో కంచో అయ్యుండొచ్చు. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. దారంతో వేలాడదీసి చెంచాతో తట్టండి, కంచు ఎక్కువసేపు మోగుతుంది. ఇది ఉజ్జాయింపే సుమండీ!

లాంతరుకైతే వత్తి తిప్పే చక్రం, కిరసనాయిలు పోసే డబ్బా చూడాలి. గాజు చిమ్నీని నమ్మొద్దు, పగిలినప్పుడల్లా మార్చి వుంటారు. మాది ఫ్యూయర్‌హ్యాండ్, జర్మనీ కంపెనీది. తెల్లదొరల నాటిదని మామగారు తెగ చెప్పుకునేవారు. తీరా చూస్తే "మేడిన్ వెస్టర్న్ జర్మనీ" అని వుంది. జర్మనీ రెండు దేశాలైంది 1949లో కదా, మరి తెల్లదొరలెక్కడ!

కుందిని బోర్లించి అడుగున ముఖానికి రాసుకునే పౌడరు చల్లి తుడిచాను. చుక్కలు చుక్కలుగా పేరు తేలింది. పెళ్ళిసామాను మీద పేర్లు వేయించడం మనకు అలవాటేగా. అయితే అది మా అత్తగారి పేరు కాదు. మావారి మేనత్తగారిది! భర్త పోయాక ఆవిడ సామానుతో సహా పుట్టింటికొచ్చి, ఈ ఇంట్లోనే కన్నుమూశారు. కూతురు గుడివాడలో వుంది. "అమ్మ కుంది ఏమైంది అక్కయ్యా?" అని ఎన్నిసార్లో అడిగింది. మా ఇంట్లో అలాంటిదేం లేదని, పెట్టె తెరిచైనా చూడకుండా చెప్పింది నేనే.

ఆ ఆదివారమే కుందిని పాత చీరలో చుట్టి గుడివాడ బస్సెక్కాను. ఆ పిల్ల అడుగు తిప్పి అక్షరాలు తడుముకుంది. "లేదన్నావుగా అక్కయ్యా?" అంది. ఏం చెప్పను? తలొంచుకుని కూర్చున్నాను. కాసేపటికి తనే లేచి వంటింట్లోకి వెళ్ళి నువ్వుల నూనె సీసా తెచ్చింది.