జీపు ఎత్తు పెంచే ముందు

కువైట్‌లో నవంబరు నుంచి మార్చి దాకా ఎడారి గుడారాల సందడి. మావారు జీపు ఎత్తు పెంచుదామని షువైఖ్ గ్యారేజీల చుట్టూ తిరుగుతున్నారు. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టి, పొడవాటి బోల్టులు బిగిస్తారు. చవకని చెక్క దిమ్మలంటే నేను ఒప్పుకోలేదు. 2016 జులైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో చెక్క కుంచించుకుపోయి పగులుతుంది, బోల్టు వదులవుతుంది. మెత్తటి రబ్బరు నలిగిపోతుంది. అల్యూమినియం గట్టిదే, ధరే ఎక్కువ. గట్టి నైలాన్, పాలియురెథేన్ దిమ్మలు నయం. ఎత్తు ఒక అంగుళం చాలు. కొత్త బోల్టు తలమీద 8.8, 10.9 లాంటి అంకె ఉంటుంది; అది పాతదాని కన్నా తగ్గకూడదు. బ్రేకు గొట్టాలు, స్టీరింగ్ షాఫ్ట్ బిగుసుకోకుండా చూడమనండి. నాలుగు ట్రిప్పులయ్యాక బోల్టులు మళ్ళీ బిగించాలి. అమ్మాయిలూ, లెక్క అడగడానికి మొహమాటపడకండి. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే.