మోటారు కాలినాక వచ్చే మెసేజీతో మనకేం పని?

మొబైల్ స్టార్టరు పెట్టుకున్న రైతు సోదరులందరినీ ఒక మాట అడగాలని ఉంది. నిన్న మీ బోరు మోటారు ఎన్ని ఆంప్స్ తీసుకుంది? పోయిన నెల ఇదే తారీఖుకు ఎంత తీసుకుంది?

చాలామంది దగ్గర జవాబు ఉండదని నాకు తెలుసు. వేలు పోసి డబ్బా కొన్నాం, సిమ్ము వేసినాం, గోడకు బిగించినాం. ఇంట్లో మంచం మీద పడుకుని ఆన్ చేస్తాం, ఆఫ్ చేస్తాం. అంతే. పొడుగు తీగ ఉన్న స్విచ్చి మాదిరి వాడుకుంటా ఉన్నాం. ఆ డబ్బాకు మూడు ఫేజుల వోల్టేజీ తెలుసు, ఆంప్స్ తెలుసు, మోటారు ఎన్ని గంటలు తిరిగిందో తెలుసు, ఎన్నిసార్లు ట్రిప్ అయిందో తెలుసు. మనం అడగం, అది చెప్పదు.

స్విచ్చిగా వాడుకోవడం తప్పని నేననను. పలమనేరు, కుప్పం పక్క రాత్రిపూట ఏనుగులు తిరిగే చోట మోటారు వేయడానికి చేనికి పోకుండా ఇంట్లోనే ఉండగలగడం అంటే ప్రాణం మిగలడమే. పాములు, తడి నేల మీద స్టార్టరు షాకులు చెప్పనే అక్కర్లేదు. పూణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' తయారు చేసింది ఈ రాత్రి నడక తప్పించడానికే. 2009లో నోకియా కంపెనీ పెట్టిన పోటీలో దానికి బహుమతి వచ్చింది. తర్వాత బెంగళూరు నుంచి 'కిసాన్ రాజా' వచ్చింది, ఇప్పుడు ఊరికో కంపెనీ పేరు వినిపిస్తా ఉంది. నడక తప్పింది, సంతోషం. కానీ నా లెక్కలో ఆ డబ్బా అసలు పని వేరే ఉంది. మోటారు చెడిపోయేముందు అది మనకు చెప్పాల.

ఈ మాట గోదావరి పక్క రైతుకు చెప్తే నవ్వుతాడేమో. వాళ్లకు మోటారు చెడితే సాయంత్రానికి పైకి తీసి, రేపటికి దించేస్తారు. మనది అట్ల కాదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో కింద ఉండేది గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే. వెయ్యి అడుగుల బోర్లు మనకు కొత్త కాదు. అంత లోతులో మోటారు కాలిందంటే వైండింగ్ ఖర్చు ఒక్కటే కాదు. పైపులు లాగే బండికి చెప్పాల, అది వచ్చే రోజుకు కాచుకోవాల, కూలీలు, కేబులు తెగితే కొత్త కేబులు, దించేటప్పుడు మోటారు బోర్లోనే ఇరుక్కుంటే అయిపోయినట్టే. ఈ లోపల టమాటా పూత రాలిపోతా ఉంటుంది. కాలిన మోటారును బాగుచేసే మెస్త్రీలు మనకు దండిగా ఉన్నారు. కాలబోతా ఉందని ముందే చెప్పేవాళ్లే లేరు.

అయితే ఏటా ఒకసారి మోటారు పైకి తీసి సర్వీసు చేయించుకుంటే సరిపోదా అని ఒకాయన అడిగినాడు. వద్దు. బాగా తిరుగుతా ఉన్నదాన్ని పీకితే కొత్త రోగం మనమే తెచ్చి పెట్టినట్టు. ఇది పల్లెటూరి మాటే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల విమానాల మీద వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త లెక్కలు తీస్తే, గంటల ప్రకారం విప్పి సర్వీసు చేసిన వెంటనే రిపేర్లు పెరుగుతున్నట్టు తేలింది. బాగున్నదాన్ని కదిలిస్తే చెడుతోందన్నమాట. అందుకే ఇప్పుడు పెద్ద పెద్ద యంత్రాలకు తారీఖు చూసి కాకుండా, దాని ఒంట్లో సంగతి చూసి రిపేరు చేస్తారు. వెయ్యి అడుగుల కింద ఉండే మోటారుకు ఇంతకన్నా సరిపోయే పద్ధతి ఇంకోటి లేదు. కంటికి కనపడదు, చెవికి వినపడదు, చేత్తో తాకి వేడి చూడలేం. దాని నాడి పైకి వచ్చే దారి ఒక్కటే, కేబులు. ఆ కేబుల్లో పోయే ఆంప్సే దాని నాడి.

నాడి చూడటం ఎట్లనో కొంచెం వివరంగా చెప్తా, ఓపిగ్గా చదవండి.

మీ మోటారు రోజూ 15 ఆంప్స్ తీసుకుంటా ఉందనుకోండి. ఒకరోజు 9కి పడిపోయింది. కరెంటు తక్కువ కాలుతోందని సంబరపడొద్దు. నీళ్లు అందక మోటారు ఊరికే తిరుగుతా ఉంది. సబ్‌మెర్సిబుల్ మోటారుకు చుట్టూ పోయే నీళ్లే చల్లదనం. లోపలి వైండింగ్ తీగకు ఉండేది ప్లాస్టిక్ తొడుగు, మెట్ట మీద ఉండే మోటారు తట్టుకున్నంత వేడి అది తట్టుకోదు. కింద బరువు మోసే బేరింగుకు కూడా నీళ్లే నూనె. నీళ్లు లేకుండా కొన్ని నిమిషాలు తిరిగితే చాలు, అరిగిపోతుంది.

ఆంప్స్ ఒకేసారి కాకుండా నెలనెలా కొంచెం కొంచెం తగ్గుతా, నీళ్ల ధార కూడా సన్నబడుతుంటే పంపు లోపలి చక్రాలు అరుగుతున్నాయేమో చూడాల. లేదంటే బోర్లో నీటి మట్టం దిగిపోతా ఉంది. అదే 15 కాస్తా 16, 17, 18 అని ఎక్కుతా ఉంటే, వోల్టేజీ చూడండి. వోల్టేజీ తగ్గి ఆంప్స్ పెరిగితే తప్పు లైనుది. వోల్టేజీ సరిగ్గానే ఉండి ఆంప్స్ పెరిగితే తప్పు కింద ఉంది, ఇసుక పట్టిందో, బుష్షు అరిగిందో.

ఇంకోటి, మనోళ్లు అసలు పట్టించుకోనిది. మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయా? వోల్టేజీలో నూటికి ఒక వంతు తేడా వస్తే ఆంప్స్‌లో ఆరు నుంచి పది వంతుల దాకా తేడా వస్తుంది. ఒక ఫేజు మీద భారం పడి ఆ చుట్ట వేడెక్కుతా ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వైండింగ్ ఆయుష్షు సగానికి పడిపోతుందని మోటార్ల వాళ్ల లెక్క. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. మూడు నాలుగు నెలలు మోటారు చెప్తానే ఉంటుంది. వినేవాళ్లు ఉండాల.

మరి డబ్బాలు చెప్తా ఉన్నాయి కదా, మెసేజీలు వస్తా ఉన్నాయి కదా అంటారు. వస్తాయి. 'డ్రై రన్ ఫాల్ట్' అని ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది, మోటారు ఆగినాక వస్తుంది. అదీ బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లోని ఫోనుకు వస్తుంది, ఎందుకంటే కొన్నరోజు యాప్ ఎక్కించింది వాడే. చేన్లో ఉండేది వాళ్లమ్మ. పిల్లోడు మీటింగులో ఉంటాడు, సాయంత్రం చూసి ఫోన్ చేస్తాడు. ఇక కరెంటు వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది అని రోజుకు ఇరవై మెసేజీలు వచ్చే డబ్బాలు ఇంకొన్ని. వారం తిరిగేసరికి ఎవరూ తెరిచి చూడరు. అసలు మెసేజీ ఆ గుంపులో పడి పోతుంది.

నేను కోరుకునే డబ్బా వేరే. మామూలు రోజుల్లో మూసుకుని ఉండాల. తేడా వచ్చినప్పుడు తెలుగులో ఫోన్ చేసి చెప్పాల: "వారం నుంచి రెండో ఫేజులో ఆంప్స్ పెరుగుతున్నాయి, స్టార్టరు దగ్గర వైరు బిగింపు చూడండి" అని. ఏం జరిగిందో, ఏం చేయాలో, ఎంత తొందరో, మూడూ చెప్పాల. చేన్లో ఉండే మనిషి ఫోనుకే ముందు రావాల. డబ్బాలో చిన్న బ్యాటరీ ఉండాల, లేకుంటే కరెంటు పోయిన సంగతి చెప్పడానికి దానికే కరెంటు ఉండదు. ఇది ఇంజనీర్లకు కష్టమైన పని అని నేననుకోను. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. మన రాతి నేల బోర్లకు ఏ లోతులో, ఏ హెచ్‌పీకి ఏ ఆంప్స్ మామూలు, ఎక్కడ దాటితే ప్రమాదం అని తెలుగులో ఒక పట్టిక వేసి ఇవ్వమని మనం అడగొచ్చు కదా. అడగకుండా వాళ్లు మాత్రం ఎందుకిస్తారు?

రైతులకు ఈ అంకెలు ఎక్కవు అనే మాట ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. 2003లో ఎఫ్‌ఏఓ సాయంతో ఏపీఫామ్‌గ్స్ అని ఒక ప్రాజెక్టు మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, మన చిత్తూరు అందులో ఒకటి. ఆ ఊళ్లలో రైతులే, ఆడవాళ్లు కూడా, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచినారు. వాన కొలిచి ఊరి గోడల మీద బోర్డుల్లో రాసినారు. రబీకి ముందు కూర్చుని ఊరి నీళ్లెంత, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క కట్టినారు. చదువు రాని వాళ్లు కూడా చేసినారు. అప్పట్లో సెన్సార్లు లేవు, యాప్‌లు లేవు. కొలిచిన అంకె కొలిచినోళ్లదే, కళ్లముందు గోడ మీదే ఉండేది. అందుకే ఆ అంకెను నమ్మినారు.

స్మార్ట్ మీటర్ల గొడవలో నాకు కనిపించేది కూడా ఇదే. శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగంగా పెట్టి, తర్వాత అందరి మోటార్లకూ అన్నప్పుడు రైతులు భయపడినారు. ఈ పొద్దు మీటరు, రేపు బిల్లు అని. 2004 నుంచి ఉచిత కరెంటు మీద బతుకుతున్న నేలలో ఆ భయం ఉండటంలో వింత లేదు. ఆ వాదన ఇప్పుడు నేను ఎత్తుకోను. నా అభ్యంతరం ఇంకోటి. నా మోటారుకు పెట్టిన మీటరు చూసే వోల్టేజీ, ఆంప్స్ ఎక్కడో ఉన్న ఆఫీసు కంప్యూటరుకు పోయి, నా ఫోనుకు రాకపోతే అది నా మోటారు ఆరోగ్యం కోసం పెట్టింది ఎట్ల అవుతుంది? ఏ మీటరైనా, ఏ కంపెనీ డబ్బా అయినా, లెక్క ముందు రైతుకు రావాల. కంపెనీ మూతపడినా పాత లెక్క మన దగ్గర మిగలాల. డబ్బా కొనేటప్పుడు ఈ రెండూ అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే వేరే అంగడికి పోండి.

ట్రాన్స్‌ఫార్మరు సంగతి కూడా కొంచెం చెప్పాల, ఎందుకంటే అది కాలితే ఒక్కరిది కాదు, దాని కింద ఉన్న అందరి పంటా ఆగిపోతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఫేజుకు మోయగలిగింది సుమారు 35 ఆంప్స్. 15 ఆంప్స్ మోటార్లు రెండు సుఖంగా తిరుగుతాయి. మూడోది పడితే 45. ఇది తిరిగేటప్పటి లెక్క. స్టార్ట్ అయ్యేటప్పుడు నేరుగా వేసిన మోటారు దానికి ఐదారు రెట్లు లాగుతుంది. కరెంటు రాగానే అందరి ఆటోలూ ఒకే క్షణంలో పడితే ఏమవుతుందో లెక్క మీరే కట్టండి. కాలినాక 1912కి ఫోన్ చేయొచ్చు, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని నిబంధన కూడా ఉంది. కానీ ఆ 48 గంటలు ఎండాకాలం టమాటాకు చాలా ఎక్కువ. పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న రైతులు కూర్చుని, ఒకరి ఆటో ఒక నిమిషానికి, ఇంకొకరిది మూడు నిమిషాలకు, ఇంకొకరిది ఐదుకు పెట్టుకోవడం. చాలా డబ్బాల్లో ఆ సెట్టింగు ఉంటుంది. నీది ముందా నాది ముందా అనే పంచాయితీ వస్తే వారానికొకరిని ముందుకు మార్చుకోండి.

సిమ్ము ఖర్చు గురించి అడుగుతా ఉంటారు. 2024 జులైలో రీఛార్జీలు పెరిగినాక చాలామంది స్టార్టరు సిమ్ములు చచ్చిపోయినాయి. అదే ఏడాది డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చి, డేటా లేకుండా మాటలు, మెసేజీలకే ప్యాకులు ఇవ్వాలని చెప్పింది. గడువు ఏడాది దాకా పెట్టుకునే వీలు ఇచ్చింది. ఫోన్ కాల్, మెసేజీతో నడిచే పాత రకం డబ్బాకు అది చాలు, అంగట్లో ఆ ప్యాకే అడగండి. డబ్బా 2జీదా 4జీదా చూసుకోండి. 2జీ డబ్బాలో జియో సిమ్ము పనిచేయదు.

డబ్బా కొనే స్తోమత లేని వాళ్లు ఇదంతా మాకు కాదని వదిలేయొద్దు. క్లాంప్ మీటరు వెయ్యి, రెండు వేలలో దొరుకుతుంది. నలుగురు కలిస్తే ఇంకా తక్కువ. తీగ కోయాల్సిన పని లేదు, స్టార్టరు నుంచి పోయే ఒక్కొక్క తీగను దాని నోట్లో పట్టిస్తే ఆంప్స్ చూపిస్తుంది. మూడు తీగలూ విడివిడిగా చూడాల, కలిపి పట్టిస్తే సున్నా చూపిస్తుంది. కాళ్లకు చెప్పులు, పొడి చేతులు, తీగ తొడుగు పగిలి ఉంటే ముట్టుకోవద్దు. వారానికి ఒక్కసారి, మోటారు వేసిన పది నిమిషాల తర్వాత చూసి స్టార్టరు డబ్బా తలుపు లోపల చాక్‌పీసుతో రాయండి.

పాల కేంద్రాల్లో కూలరు గురించి కూడా ఇట్లాంటిదే చెప్పాల్సింది ఉంది. పాలు 4 డిగ్రీలకు దిగడానికి రోజూ పట్టే టైము పెరుగుతా ఉంటే కంప్రెసరు అలసిపోతున్నట్టే. అది ఇంకో పోస్టులో రాస్తా.

ఇప్పటికి ఒక్క పని చేయండి. ఈ వారంలో కొలిచి మీ ఊరు, బోరు లోతు, మోటారు హెచ్‌పీ, మూడు ఫేజుల వోల్టేజీ, ఆంప్స్ కింద కామెంటులో పెట్టండి. పేరు, ఫోన్ నంబరు వద్దు. వంద బోర్ల లెక్క వస్తే లోతు వారీగా పట్టిక నేనే కట్టి ఇక్కడ పెడతా, ఐఐటీ వాళ్లకు, వ్యవసాయ కళాశాల వాళ్లకు అదే పట్టుకుని పోయి చూపిస్తా.