కార్బేటర్ కొన్నాం, మజ్దూరీ మిగిల్చాం



ఈసారి సియాసత్ లేదు, షాయరీ లేదు. ఒక కార్బేటర్ గురించి రాస్తున్నా. నవ్వకండి, మా మామూ రోజీ దాని మీదే నడుస్తోంది. (కార్బొరేటర్ అని రాయాలని నాకూ తెలుసు. బందర్లో ఏ ఉస్తాద్ నోటా ఆ మాట వినలేదు. వాళ్లది కార్బేటర్. నాదీ అదే.)

మామూ దగ్గర పాత టీవీఎస్ ఎక్సెల్ సూపర్ ఉంది. టూ స్ట్రోక్ బండి, 70 సీసీ ఇంజను. గేర్లు లేవు, చేతి క్లచ్ లేదు. రేజ్ ఇస్తే పోతుంది, వదిలితే ఆగుతుంది. వెనక సీటు మీద లుంగీలు, నైటీలు, దుప్పట్ల మూట. ముందు కాళ్ల దగ్గర ఇంకో మూట. ఫజర్ అయ్యాక బయల్దేరి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ. అక్కణ్ణుంచి ఒకరోజు కోడూరు వైపు, ఒకరోజు నాగాయలంక వైపు. అన్నీ వాయిదా బేరాలే. దివిసీమలో చేపలమ్మే వాళ్లకీ, కొబ్బరికాయల వాళ్లకీ కూడా ఇదే బండి. షావుకార్లకి లారీ ఎట్లాగో వీళ్లకి ఎక్సెల్ అట్లా. గేర్లు లేని లారీ అనుకోండి.

పోయిన వేసవిలో ఆ బండి కార్బేటర్ పాడైంది. ఏళ్ల తరబడి పైకీ కిందికీ కదిలి కదిలి లోపలి స్లైడ్ అరిగిపోయింది, సందులోంచి గాలి లాగుతోంది. స్లో నిలబడదు. ఎర్ర లైటు దగ్గర ఆగితే ఇంజనూ ఆగుద్ది. ఫ్లోటర్ గిన్నె విప్పి చూస్తే అడుగున తెల్లటి పొడి, జెట్ బొక్కల్లో పచ్చటి చిలుం. రెండుసార్లు కడిగించాడు, వారం తిరక్కుండా మళ్లీ అదే హాల్. మార్చాల్సిందే. ఇంతవరకు మామూ గలతీ ఏం లేదు.

అసలీ కార్బేటర్ బందర్లో దొరకలేదు. ఒక నికాహ్‌కి గుడివాడ వెళ్లినప్పుడు అక్కడి స్పేర్ పార్ట్స్ దుకాణంలో వేరే కంపెనీది కొన్నాడు. అసలీ దాని ధరలో సగం కూడా లేదట. పైగా దుకాణంలో కుర్రాడు ముఫ్త్‌గా బిగించి ఇచ్చాడు. పది నిమిషాల పని. రెండు బోల్టులు, ఒక కేబుల్, ఒక పైపు. స్లో కొంచెం పెంచి, "ఆగదు చాచా, పొండి" అన్నాడంట.

ఇంటికొచ్చి మామూ ఖుషీ చూడాలి. "అరే బేటా, కొత్త బండి అయిపోయింది రే. పికప్ చూడు!" నిజంగానే బండి చురుగ్గా ఉరుకుతోంది. కాకపోతే వదిలేసినా వెనక చక్రం తిరుగుతూనే ఉంది. కోనేరు సెంటర్లో బ్రేకు పట్టుకుని నిలబడ్డా ముందుకే గుంజుతోంది. అది షోకనుకున్నాం మేమిద్దరం.

సరిగ్గా నాలుగో రోజు, చల్లపల్లి దాటాక, మిట్టమధ్యాహ్నం, రెండు మూటలతో పోతుంటే ఇంజను కీచుమని పట్టేసింది. రేజ్ పడిపోగానే ఎక్సెల్ క్లచ్ దానంతటదే విడిపోతుంది కాబట్టి చక్రం బిగుసుకోలేదు, మామూ కింద పడలేదు. షుకర్. పిస్టన్ మీద నిలువునా గీతలు. బోర్ కొట్టించి కొత్త పిస్టన్ వేయించేసరికి ఆ నెల కమాయీ మొత్తం లేత్ దుకాణానికి పోయింది. పదకొండు రోజులు బేరం బంద్. ఆ పదకొండు రోజుల్లో వేరే ఊరి బట్టల బండి వచ్చి మామూ ఖాతాదార్లకి దుప్పట్లు అమ్ముకుపోయింది.

నఖలీ మాల్ ధోకా చేసిందని ఇంట్లో అందరూ తిట్టారు. నేనూ తిట్టా. బందర్లో మా ఉస్తాద్ మాత్రం తిట్టలేదు. ఆ కొత్త కార్బేటర్ని చేతిలో అటూఇటూ తిప్పి చూసి, "మాల్ బురా నహీ. దీన్ని ఈ బండికి ఎవరూ చెప్పలేదు, అంతే" అన్నాడు.

ఆయన చెప్పింది నాకర్థమైనంత రాస్తా. టూ స్ట్రోక్ ఎక్సెల్లో ఇంజన్‌కి విడిగా ఆయిలు రాదు. పెట్రోల్లో కలిపి పోసే 2టి ఆయిలే పిస్టన్‌కి నూనె. అంటే కార్బేటర్ పెట్రోలు తక్కువ పంపితే ఆయిలూ తక్కువే పోతుంది. మామూ కొన్నదాంట్లో మెయిన్ జెట్ బొక్క పాతదానికంటే సన్నం. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైంది, ఇంజను వేడెక్కింది, చల్లబరచాల్సిన నూనె కూడా తగ్గింది. మొదటి నాలుగు రోజులు మేం చూసి మురిసిన పికప్ ఆ ఆకలిదే. ప్లగ్ విప్పితే ఆ రోజే తెలిసేది. బిస్కెట్ రంగులో ఉండాల్సిన ప్లగ్ మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

చక్రం తిరగడమూ షోకు కాదు. గేరు బండైతే స్లో ఎక్కువున్నా చేత్తో క్లచ్ నొక్కి ఆపుకోవచ్చు. ఎక్సెల్లో ఆ సౌలత్ లేదు. రేజ్ పెరగగానే క్లచ్ షూలు విచ్చుకుని బెల్లుని పట్టుకుంటాయి. స్లోలోనే అవి సగం పట్టుకుని ఉంటే బండి ఆగి ఉన్నంతసేపూ రాసుకుంటూ అరుగుతాయి, బెల్లు కాలుతుంది. చిన్న పిల్లాడు రోడ్డు దాటుతుంటే బండి ముందుకి గుంజడం ఇంకో మాట. ఆటోమేటిక్ బండికి కార్బేటర్ మార్చామంటే క్లచ్చునీ ముట్టుకున్నట్టే. ముఫ్త్‌గా బిగించిన కుర్రాడికి ఇది తెలియదు. తెలిసినా ముఫ్త్ పనిలో ఎంత చూస్తాడు?

అంతా ఇథనాల్ వల్లే అని మా ముహల్లా వాట్సాప్‌లో ఒకాయన ఫైసలా ఇచ్చేశాడు. ఆయన మాటలో సగం హక్. 2030కి అనుకున్న 20 శాతం ఇథనాల్ 2025కే పెట్రోల్లోకి వచ్చేసింది. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలే చాలు. కాబట్టి పాత జెట్‌తోనే పోసినా ఇంజన్‌కి గాలి ఎక్కువైనట్టు లెక్క. పైగా ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. మా సముద్రపు గాలిలో తేమకేం కరువు? గిన్నె అడుగున ఆ తెల్ల పొడికి అదీ ఒక సబబు. కానీ అదే పెట్రోలు పోసుకుని పాత కార్బేటర్‌తో మామూ బండి దివిసీమంతా తిరిగింది, స్లో నిలబడకపోయినా పిస్టన్ పట్టేయలేదు. బండి పీకల్లోతు అంచున ఉంటే సన్న జెట్ ఆఖరి తోపు తోసింది.

ఉస్తాద్ చేసిన మరమ్మతు చూడ్డానికి ఏమంత లేదు. కొత్త కార్బేటర్‌నే ఉంచాడు. పాతదాంట్లోని ఇత్తడి మెయిన్ జెట్ కడిగి సూదిమొన బొక్కలోంచి వెలుతురు చూసి, ఇప్పటి పెట్రోలుకి అదీ చాలదని ఒక నంబరు పెద్దది తెప్పించి వేశాడు. ఫ్లోటర్ ఎత్తు సరిచేశాడు. ఇంజను వేడెక్కనిచ్చి ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్టు తెరిచి, చెవి పెట్టి విని, కొంచెం కొంచెం తిప్పుతూ పోయాడు. తర్వాత చక్రం నిలిచేదాకా స్లో తగ్గించాడు. మూటలతో సహా మామూని పెడన దాకా పంపి, రాగానే ప్లగ్ విప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. అస్ర్ దాకా అదే పని.

మనం పార్టుకి పైసలిస్తాం, హునర్‌కి ఇవ్వం. పెట్టెలో వచ్చిన వస్తువుకి ధర అడిగి ఇచ్చేస్తాం, స్క్రూడ్రైవర్ తిప్పిన అరపూటకి మాత్రం "తిప్పావంతే కదా భాయ్" అని గీచి గీచి బేరమాడతాం. అందుకే ఏ దుకాణం కుర్రాడైనా బిగించడం నేర్చుకుంటాడు, వినడం నేర్చుకోడు. నఖలీ మాల్ వద్దు, కంపెనీదే కొనమని చదువుకున్నోళ్లు నసీహత్ ఇస్తారు. దొరికితే కదా సాబ్! బండి తయారీ ఆగి ఏళ్లు గడిచాక బజార్లో ఏది ఉంటే అదే. దాన్ని బండికి ఒప్పించే మనిషి ఉండాలి.

ఆ మనుషులు తగ్గిపోతున్నారు. 2020 ఏప్రిల్లో బీఎస్6 వచ్చాక ఎక్సెల్‌కీ ఇంజెక్షన్ పెట్టారు, కొత్త షాగిర్ద్‌లు దాని స్కానర్ నేర్చుకుంటున్నారు. సహీ బాతే, వాళ్ల ముస్తక్బిల్ అది. ఉస్తాద్ కొడుకు కువైట్‌లో ఏసీ పనికి పోయాడు. కార్బేటర్ బండ్లు మాత్రం మన ఊళ్లలో ఇంకా వేలల్లో తిరుగుతున్నాయి, వాటి మీద బతికే ఇళ్లూ అన్నే. కొత్త బండి కొనుక్కోమని వాళ్లకి చెప్పడం చాలా ఆసాన్.

ఉస్తాద్ సెట్టింగ్‌కి రెండొందలు అడిగాడు. మామూ, లేత్ దుకాణంలో నోరెత్తకుండా వేలు కట్టి వచ్చిన మామూ, "నూట యాభై తీస్కో భాయ్, ఏం వేశావని?" అన్నాడు. ఉస్తాద్ ఏమీ అనలేదు. చేతులు పెట్రోల్లో కడుక్కుంటున్నాడు.

మిగతా యాభై నేనిచ్చా. మామూ ఇప్పటికీ నా మీద నారాజ్‌గానే ఉన్నాడు.